మరలి వచ్చువారికి మన మేమి దాచియుంచితిమి?

పరదేశములకు పోయిన మనవారు స్వదేశమునకు మరలి వచ్చుచున్నారన్న వార్త చెవిని బడినంతనే మన వేదికలమీది వక్తలకు గగుర్పాటు కలుగును. "చూచితిరా, మాతృభూమి మహిమ! పుట్టిన మట్టి పిలుపు!" అని వారు కంఠమెత్తి పలుకుదురు, సభవారు చప్పట్లు కొట్టుదురు, అందఱును సంతుష్టులై ఇండ్లకు పోవుదురు. మఱునాటి యుదయమున ఆ మరలి వచ్చినవాడు పనికొఱకు వీథిలో నిలుచును. వానిని పలుకరించువా డుండడు. ఈ తంతును మేము చాలకాలముగా చూచుచున్నాము. దీనిని గూర్చి దాపరికము లేక మాటాడవలసిన సమయము వచ్చినది.

మనుష్యుడు పరదేశమును విడిచి స్వదేశమున కేల మరలును? విచారించి చూడగా మూడు విధములైన పునరాగమనములు కానవచ్చుచున్నవి. తరుమబడి వచ్చుట యొకటి. కాలము చెల్లి వచ్చుట రెండవది. పిలువబడి వచ్చుట మూడవది. మొదటిదానికి కారణము పరాయి ప్రభువుల నిర్దయ; రెండవదానికి కారణము దేహధర్మము, బంధుప్రేమ; మూడవదానికి మాత్రమే స్వదేశము కారణము. మొదటి రెండింటిని మూడవదానిగా చూపి, ఆ ఘనతను మనకు మనమే కట్టబెట్టుకొనుట ఆత్మవంచన. ఈ వంచననే మేము ఖండింప బూనితిమి.

తరుమబడినవారి చరిత్ర తెలుగువారికి క్రొత్తది కాదు. కోరంగి రేవున ఓడలెక్కి పోయిన కారణమున బర్మాలో మనవారికి కోరంగీలన్న పేరే నిలిచిపోయినది. రంగూను రేవులో మూటలు మోసి, ధాన్యపు మిల్లులలో చెమటోడ్చి, రిక్షాలు లాగి ఆ పట్టణమును నడిపినవారిలో వారు ముఖ్యులు. 1930 మే నెలలో రేవుకూలి తగవు పెరిగి మనవారిపై కత్తులు లేచినవి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుపై బడగా, మఱుసటి సంవత్సరము లక్షలకొలది భారతీయులు అడవులను, కొండలను కాలినడకను దాటి వచ్చిరి. త్రోవలో ఆకలికిని, జ్వరములకును బలియైనవారు వేలకు వేలు. 1964లో అచ్చటి సైనిక ప్రభుత్వము అంగళ్ళను జాతీయము చేయగా, మిగిలినవారిలో పెక్కుమంది చేతనున్నదానిలో చాలభాగము విడిచి ఓడలెక్కిరి. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు పేరు ఆ కథకు నేటికిని సాక్షి. వీరిని రప్పించినది మాతృభూమి పిలుపా? కాదు, రంగూను మంటలు.

నిన్నమొన్నటి కథయు నిదియే. 2013లో సౌదీ అరేబియా ప్రభుత్వము నితాఖత్ అను నిబంధనను బిగింపగా లక్షకు మించిన భారతీయులు పెట్టెలు కట్టుకొనిరి. 2018లో కువైటు ప్రభుత్వము, సరియైన పత్రములు లేనివారు జరిమానా లేకయే వెడలిపోవచ్చునని గడు విచ్చినప్పుడు, రాయలసీమ పల్లెలకు చెందిన మనవారెందఱో ఆ గడువునే భాగ్యముగా నెంచి విమాన మెక్కిరి. 2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానము భారతీయులను సంకెళ్ళతో తెచ్చి అమృతసరములో దింపినది. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే, పరదేశపు పనివారిని క్రొత్తగా రప్పించుకొను హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ఆ దేశాధ్యక్షుడు ప్రకటించెను. అంతట మన వక్తలు, "ఇక మన మేధావులు మనకే దక్కుదురు" అని సంతోషించిరి! పొరుగువాడు తలుపు మూసినందున మన ఇంటికి వచ్చిన చుట్టమును చూచి, మన వంట రుచి యంతటిదని మురిసిపోవు గృహస్థుని వివేక మెంతటిదో ఈ సంతోషమును అంతటిదే.

కాలము చెల్లి వచ్చువారి మాట వేఱు. ఎడారి దేశములలో ముప్పది సంవత్సరములు ఇటుకలు మోసినను ఆ దేశములు కూలివానిని తమ పౌరునిగా చేసికొనవు. ఒడలు సడలిననాడు వాడు రాక తప్పదు. అమెరికాలో స్థిరనివాసపు పత్రములలో ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడుపాళ్ళకు మించి ఇయ్యరాదన్న కట్టడి యుండుటచే, మన చదువరులు యౌవనమంతయు వరుసలో నిలిచి గడపుచున్నారు. తల్లి మంచము పట్టెనని ఒకడు, బిడ్డకు తెలుగు పలుకు అబ్బకున్నదని యొకడు, పరాయిచోట పండుగ పండుగవలె లేదని యొకడు మూట కట్టుకొని వచ్చుచున్నాడు. వీరి రాకను మేము చిన్నచూపు చూచుట లేదు. అది వారి సద్గుణము. వారి సద్గుణమునకు మన మేల జయభేరి మ్రోగింపవలెను?

ఇక పిలువబడి వచ్చినవారు. 1915 జనవరి 9వ తేదీన బొంబాయి రేవున దిగిన మోహనదాసు కరంచందు గాంధి వారిలో అగ్రగణ్యుడు. ఆ తేదీనే 2003 నుండి ప్రవాసి భారతీయ దినముగా పాటించుచున్నారు. కాని ఆ మహనీయుడు వచ్చినది సన్మానమునకు కాదు, పనికి. దేశమున పని సిద్ధముగా నుండెను. రెండేండ్లలో చంపారను రైతులు ఆయనను తమ పొలములకు తీసికొనిపోయిరి. మన తెలుగునాటి యుదాహరణము గావలెనా? నేత్రవైద్యుడు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1980వ దశాబ్దమున అమెరికా విడిచి వచ్చుటయు, చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారు స్థలమును ధనమును ఒసగుటయు, హైదరాబాదున ఆయన పేర నేత్రవైద్యశాల వెలయుటయు అందఱెఱిగినదే. వచ్చువానికి సంకల్పముండెను, ఇచ్చటివానికి చేయూతనిచ్చు హృదయముండెను. ఈ రెండును కలిసిననాడు కలుగునదే నిజమైన పునరాగమనము. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారో, 1920వ దశాబ్దమున అమెరికా చేరి, ప్రపంచమునకు ఔషధములను ప్రసాదించి, 1948లో అచ్చటనే కన్ను మూసిరి. ఆయనకు దేశాభిమానము తక్కువయా? ఆయన చేయదలచిన పనికి తగిన ప్రయోగశాలను మన మెచ్చట సిద్ధముచేసి యుంచితిమి?

"కువైటు, అమెరికా మాటలు ఆదోని, ఎమ్మిగనూరు వాసులకేల?" యని పాఠకు లడుగవచ్చును. మన వాడుకలో "దేశాలు పట్టి పోయినాడు" అను పలుకు కలదు. అట్లు పోవుటకు సముద్రము దాట నక్కఱలేదు. ఇల్లు తాళము వేసి, ముసలివారిని అరుగుమీద విడిచి, పసిబిడ్డను చంక నెత్తుకొని, పరుల చేనిగట్టున గుడ్డల గుడిసె వేసికొన్నవానికి గుంటూరు సీమయు పరదేశమే. కౌతాళము, కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద, మంత్రాలయ ప్రాంతముల పల్లెలనుండి ఏటేట దీపావళి దాటినది మొదలు లారీలు, ఆటోలు నిండి జనము తరలిపోవుచున్నది. దీనికి మనవారు పెట్టుకొన్న పేరు సుగ్గి. కన్నడమున నది పంటకాలపు సంబరమునకు పేరు. పరుల పంట కోయబోవుటకు ఆ పేరు నిలుచుట కంటె విషాద మేమున్నది? గుంటూరు సీమలో మిరపకోత, తెలంగాణములో ప్రత్తితీత, బెంగుళూరు, బొంబాయి నగరములలో మట్టిపని, కట్టడపు పని: ఇవియే వారి పరదేశములు.

వీరు మరలి వచ్చుటయు మన కనులయెదుటనే జరుగుచున్నది. శ్రావణమాసమున ఉరుకుంద కేగి చూడుడు. ఈరన్నస్వామి సన్నిధికి సోమ గురువారములందు ఇసుక వేసిన రాలని జనము. మన జిల్లానుండియే గాక కర్ణాటకమునుండి, తెలంగాణమునుండి బండ్లు వచ్చి నిండును. ఈ సీమలో ఈరన్న, ఈరమ్మ, ఉరుకుందప్ప, ఉరుకుందమ్మ యను పేర్లు లేని పల్లె యరుదు. తన పేరులోనే ఊరిని మోసికొని తిరుగువానికి ఊరిపై మమకార మెట్లు కలిగింపవలెనో నేర్పుటకు మన వక్తలు పూనుట ఎంత వింత! మమకారమునకు ఇచ్చట కఱవు లేదు. కఱవు నీటికి.

భక్తులు మమ్ము తప్పుగా తలపకుందురు గాక. శ్రావణము పండుగ నెల మాత్రమే కాదు. నల్లరేగడి చేలలో ప్రత్తి మొలకెత్తి కలుపుతీతకు వచ్చు నెల. ఆ రోజులలో ఊర పని యున్నది, ఇంట గింజ కలదన్న ఆశ యున్నది. కావున మనుష్యులు ఊరనున్నారు. స్వామి మారలేదు, మట్టి మారలేదు, మనుష్యుల హృదయము మారలేదు. వాన వెనుకంజ వేసి, కాయ పగులకయే చేను ఎండిననాడు ఆ ఇంటికే తాళము పడుచున్నది. మనుష్యు డేల మరలి వచ్చునన్న ప్రశ్నకు ఉరుకుంద చెప్పు సమాధానము మిక్కిలి సులభమైనది: బ్రదుకు దొరకునంతకాలము ఎవ్వడును ఇల్లు విడువడు; దొరకునన్న నమ్మకము కలిగినంతనే ప్రతివాడును మరలి వచ్చును.

"ఇది కఱవు సీమ, దైవ మిట్లు వ్రాసినది, ఎవరేమి చేయగలరు?" అని కొందఱు పెద్దలు నిట్టూర్తురు. ఈ నిట్టూర్పును మే మంగీకరింపము. సర్ ఆర్థర్ కాటను తుంగభద్ర జలములను ఈ సీమకు మరల్చు నూహ చేసినది 1860లో. కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగు ఒడంబడిక వ్రాసికొని, కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలములలో రాయలసీమ అవసరములకే మొదటి పీట వేయుదుమని మాట యిచ్చినది 1937 నవంబరు 16న. తుంగభద్ర యానకట్టకు శంకుస్థాపన జరిగినది 1945లో. పని ముగిసినది 1953లో. ఆ యేడే ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున చేరినవి. దైవము వ్రాసిన దేమో గాని, మనుష్యులు వ్రాసినవి ఇన్ని యున్నవి. మనుష్యులు వ్రాసినదానిని మనుష్యులే నెఱవేర్పవలెను.

నెఱవేరిన దెంత? మొదట సుమారు 133 టీఎంసీలు పట్టిన జలాశయము, పూడిక చేరి, నేడు 105 టీఎంసీలకు కుదించుకొనిపోయినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయి, నిండిన జలాశయపు నీరు ఏటిపాలగుటను దేశమంతయు చూచినది. దిగువకాలువ బళ్ళారి సీమను దాటి మన జిల్లాకు చేరువేళకు చివరి చేలకు చెమ్మయే మిగులుచున్నది. వేదవతి ఎత్తిపోతలకును, రాజోలిబండ కుడికాలువకును ఉత్తరువులు వెలువడినవి, శిలాఫలకములు లేచినవి. పని నేటికిని పూర్తి కాలేదు. ఏ పక్షము వారు అధికారమున నున్నను, ముందటి పక్షమును నిందించుటలో చూపిన శ్రద్ధలో నాల్గవపాలు కాలువ త్రవ్వుటలో చూపియున్నచో ఈ వ్యాసము వ్రాయు నవసరమే మాకు కలుగకపోవును.

నీటితో మాత్రమే అన్నియు తీఱునని మేము చెప్పుట లేదు. ఎమ్మిగనూరును చూడుడు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్రను కూడగట్టి సహకార సంఘమును స్థాపించినప్పుడు ఈ సీమలో కఱవు లేకుండెనా? నూలు నందించి, నేసినదానిని కొని, అమ్మకపు భారమును సంఘము మోసినందున మగ్గము ముందు కూర్చున్నవాడు ఊర నిలిచెను. పని ఇంటికి వచ్చిన మనుష్యుడు బయటికి పోడు. నేడు ఆదోని ప్రత్తివిపణి పేరు రాష్ట్రమంతట మ్రోగుచున్నది, జిన్నింగు మిల్లులు కలవు, వర్తకులు కలరు. ఈ సీమ ప్రత్తి బేళ్ళుగా కట్టబడి దూరదేశపు మిల్లులకు పోవును. దానివెంటనే దానిని పండించిన కుటుంబమును ఇతరుల ప్రత్తి తీయుటకు పోవును. ముడిసరుకును, మనిషిని ఒకే బండి నెక్కించి పంపివేయు సీమ ఎన్నడు బాగుపడును?

"పోనిండు, వారికి అచ్చట ఎక్కువ కూలి గిట్టుచున్నది" అను వాదము నొకటి విందుము. మేము పోవుటకు విరోధులము కాము. చదువునకో, వ్యాపారమునకో, లోకము చూచుటకో పోవువానికి శుభమస్తు. పోవుట వాని యిష్టమైన చోట అది స్వాతంత్ర్యము. పోక తీఱనిచోట అది దేశబహిష్కారము. మేస్త్రీ యిచ్చిన బయానాకు కట్టుబడి, బడిలోని బిడ్డ పేరు కొట్టివేయించి, కిలోల లెక్కన కాయ కోయుటకు పోవు తల్లి లోకసంచారమునకు పోవుట లేదు. ఆ బిడ్డ మరల బడికి వచ్చునాటికి తోడివారు పాఠములెన్నో దాటియుందురు. రెండేండ్లట్లు గడచిన పిమ్మట బడి దారియే మఱచును. కూలి లెక్కలో ఈ నష్టమును ఎవరు వ్రాసిరి?

ధనము పంపువారిని లెక్కించుటలో మాత్రము మనకు సాటిలేదు. 2024లో ప్రవాస భారతీయులు పంపిన ధనము సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచబ్యాంకు లెక్క కట్టగా, ప్రపంచమున మనమే ప్రథమలమని చాటుకొంటిమి. పంపినవాడు రేపు వచ్చినచో వానికేమి చేయుదుమన్న లెక్క యెచ్చట? ఒకప్పుడు ఈ ఆలోచన లేకపోలేదు. బర్మా, సింహళ దేశములనుండి వచ్చినవారి కొఱకు 1969లో మద్రాసున ప్రత్యేకముగా సహకార బ్యాంకునే స్థాపించిరి. కేరళీయులు 1996లోనే ప్రవాసుల కొఱకు ప్రత్యేక శాఖ నేర్పఱచి, 2013లో మరలి వచ్చినవారికి వ్యాపారముల కొఱకు ఋణసహాయపు పథకమును నెలకొల్పిరి. పొరుగువారు చేసినది మనకు చేతగాదా?

2020వ సంవత్సరమును తలచుకొనుడు. మార్చి 25న దేశమంతట రాకపోకలు బంధింపబడగా, మిరపకోతలకు పోయిన మన పడమటి కర్నూలు కూలీలు చేలగట్లపైననే చిక్కుకొనిరి. కొందఱు కాలినడకను బయలుదేరిరి. కడకు బస్సులు పంపిరి. వచ్చినవారిని వేఱుగా నుంచి, పరీక్షించి, ఇండ్లకు విడిచిరి. అందఱు నొక్కసారి ఊర చేరిన ఆ సమయముకంటె మంచి యవకాశము ప్రభుత్వమునకు మఱి దొరకునా? ఎవరు ఏ పని నేర్చిరి, ఎవరికెంత పొలము కలదు, ఏ బిడ్డ బడి మానెను అని వ్రాసికొని యుండవచ్చును గదా! కట్టుబాట్లు సడలినంతనే సుగ్గి బండ్లు మరల తూర్పుదారి పట్టినవి.

చేత గాదని చెప్పుటకు వీలులేదు. ఎన్నికలు వచ్చిననాడు ఈ కూలీలు ఏ యూర, ఏ చేనిలో, ఏ మేస్త్రీ క్రింద నున్నారో అభ్యర్థులకు తెలియును, బండ్లు పోవును, దారిబత్తెము ముట్టును, వోటు పడునాటికి అందఱును ఊర నుందురు. ఒక్క దినపు వోటునకై రప్పింప నేర్చినవారు ఒక్క సంవత్సరపు పనికై నిలుప నేరరా? శాసనముల సంగతియు నిట్లే యున్నది. 1979 నాటి వలస కార్మిక శాసనము కంట్రాక్టరు ద్వారా రాష్ట్రపు సరిహద్దు దాటినవానినే కాపాడబూనెను. ఉరుకుందనుండి గుంటూరునకు పోవువాడు సరిహద్దు దాటడు; కావున వాడు ఆ చట్టమునకు కనబడనే లేదు. 2025 నవంబరున అమలులోనికి వచ్చిన నూతన స్మృతియు రాష్ట్రములు దాటు వలసనే పట్టుకొన్నది.

మేము కోరున దేమి? మొదటిది, ప్రతి గ్రామ సచివాలయమున పోవువారి పట్టిక, వచ్చువారి పట్టిక యుండవలెను. లెక్కలో లేనివానికి పాలనలో చోటు లేదు. రెండవది, వలసపోవువారి బిడ్డల వసతిగృహములు తల్లిదండ్రులు బండి యెక్కుటకు ముందే తెఱువబడవలెను. పక్షి యెగిరిన పిమ్మట గూడు కట్టిన ఫలమేమి? మూడవది, మొదలిడిన కాలువలకు, ఎత్తిపోతలకు ముగింపు తేదీని ప్రకటించి, ఏటేట జరిగిన పనిని ప్రజలయెదుట నుంచవలెను. నాల్గవది, సుగ్గి కాలమునకు ముందుగనే చెఱువుల పూడిక, కాలువల మరమ్మతు మున్నగు పనులు ప్రారంభించి, కూలి జాప్యము లేక చెల్లింపవలెను. ఉపాధి పని కలదని వినియు జనము తరలుటకు కూలి సకాలమున చేతికందకపోవుటయే ముఖ్యకారణమని పల్లె లెఱుగును. అయిదవది, గల్ఫునుండి గాని, బెంగుళూరునుండి గాని పని నేర్చి వచ్చిన మేస్త్రీకి, వడ్రంగికి, డ్రైవరునకు అప్పు, పనిముట్టు, కంట్రాక్టులో చోటు ఇచ్చు ఏర్పా టుండవలెను.

ఇవి యన్నియు ప్రభుత్వమునకే విడిచి, పఠనాలయమున పత్రిక మడిచి లేచిపోవు నధికారము పట్టణవాసులకును లేదు. ఆదోని వర్తకులారా, ఎమ్మిగనూరు పెద్దలారా! మీ విపణికి బస్తా తెచ్చినవాని ఇంటికి తాళమున్నచో వచ్చే యేడు మీ విపణికి వచ్చు బస్తా యేది? మీ మూలధనములో నొక పాలు ఈ సీమ ప్రత్తిని ఈ సీమలోనే వడికించి, నేయించి, కుట్టించు పనులపై పెట్టుడు. శ్రావణమాసమున ఉరుకుంద త్రోవలో అన్నసత్రములు పెట్టించు దాతలు మీలో పెక్కురున్నారు. ఆ చేతితోనే కార్తికమున ఒక వసతిగృహమును నిలుపుడు. స్వామి రెండింటిని సమానముగనే స్వీకరించును.

మరలి వచ్చువారిని పొగడుట సులభము. వారు నిలుచుటకు చోటు చేయుట కష్టము. మొదటిదానిని వక్తలకు విడిచి, రెండవదానికి మనము పూనుకొందము. కువైటునుండి వచ్చు తల్లియు, కాలిఫోర్నియానుండి వచ్చు ఇంజనీరును, మిరపచేలనుండి వచ్చు ఈరన్నయు మనల నడుగు ప్రశ్న యొక్కటియే: "వచ్చితిమి; ఇచ్చట మాకేమి పని?" ఈ ప్రశ్నకు సమాధానము దొరకువఱకు స్వాగత తోరణములు కట్టుట మానుదము, ఆ త్రాటితో బావికి చేద కట్టినను మేలు.